రయాదీతోను అడవిలో వెతకడం, గుర్తుపట్టడం, గూటి దాకా గమనించడం: సమగ్ర మార్గదర్శి

చిలీ, అర్జెంటీనా దక్షిణపు అడవులు తిరిగొచ్చిన మన పక్షి ప్రేమికులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "రయాదీతో మీద మీదకే వచ్చింది. కానీ ఒక్క నిమిషం కూడా కుదురుగా చూడలేకపోయాం. ఫొటోల్లో తోకో, ఊగుతున్న కొమ్మో తప్ప ఏమీ లేదు. ఎలా చూడాలి?"

ఈ పిట్ట కనబడటం తేలిక. దాన్ని సరిగ్గా చూడటమే కష్టం. రయాదీతో మీ ముందు రెండు మీటర్లలో వాలి ఆగకుండా అరుస్తోందంటే చాలాసార్లు మిమ్మల్ని అక్కణ్ణుంచి తరమడానికి వచ్చినట్టు. చాలామంది దాన్ని చనువు అనుకుని ఇంకో అడుగు ముందుకు వేస్తారు. కింద చెప్పిన పద్ధతి మొత్తం ఈ ఒక్క సంగతిని దృష్టిలో పెట్టుకుని రాసిందే.

## 1. ముందు ఏ రయాదీతో కావాలో తేల్చుకోండి

ఈ పేరుతో ఇప్పుడు మూడు జాతులున్నాయి. మూడూ ఒక్క ప్రయాణంలో దొరికేవి కావు.

ముల్లుతోక రయాదీతో. శాస్త్రీయ నామం ఆఫ్రాస్తురా స్పినికౌడా. చిలీలో ఫ్రై హోర్హే జాతీయ వనం నుంచి దక్షిణ కొస దీవుల దాకా, అర్జెంటీనాలో ఆండీస్ పర్వతాల వారగా ఉన్న అడవుల్లో ఉంటుంది. ఈ మార్గదర్శి దీని గురించే.

మాసాఫ్వేరా రయాదీతో. హ్వాన్ ఫెర్నాందెస్ ద్వీపాల్లో అలెహాండ్రో సెల్కిర్క్ అనే ఒక్క దీవి మీదే ఉంది. అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో ఒకటి. మామూలు యాత్రలో దీన్ని కలపడం కుదరదు.

ఉప అంటార్కిటిక్ రయాదీతో. కేప్ హార్న్‌కు నైరుతిగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న దియేగో రామీరెస్ దీవుల పిట్ట. 2022లో వేరే జాతిగా ప్రకటించారు. అక్కడ ఒక్క చెట్టు కూడా లేదు, నేల మీది గడ్డి దుబ్బుల్లోనే కాపురం. ప్రధాన భూభాగపు పిట్ట కన్నా బరువు ఎక్కువ, ముక్కు పెద్దది, తోక పొట్టి.

కాబట్టి మీరు ప్రధాన భూభాగంలో గానీ, చిలోయే, నవరీనో దీవుల్లో గానీ ఎక్కడ చూసినా అది ముల్లుతోక రయాదీతోనే. ఒక్క మెలిక మాత్రం గుర్తుంచుకోండి. చిలోయే దీవి పిట్టల పొట్ట తెల్లగా ఉండదు, పసుపుపచ్చ మట్టిరంగులో ఉంటుంది. దాన్ని చూసి కొత్త జాతి దొరికిందని నోట్‌లో రాసుకునే వాళ్లున్నారు. అది ఆ దీవి ఉపజాతి, అంతే.

## 2. చోటు, నెల

దక్షిణార్ధగోళం కాబట్టి రుతువులు తిరగబడి ఉంటాయి. మనకు దసరా, దీపావళి వచ్చే రోజులు అక్కడ వసంతం. మన ధనుర్మాసపు చలిలో అక్కడ నడివేసవి.

రయాదీతో వలస పోదు, ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. మీరు ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని బట్టి నెల ఎంచుకోండి.

- గూడు కట్టడం, గుడ్లు: అక్టోబర్, నవంబర్. దక్షిణానికి పోయేకొద్దీ ఆలస్యంగా మొదలవుతుంది.
- పిల్లలకు మేత: నవంబర్, డిసెంబర్. ప్రవర్తన గమనించడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. జాగ్రత్త ఎక్కువ కావలసిందీ ఇప్పుడే.
- పిల్లలతో కుటుంబ గుంపులు: డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి.
- ఇతర పిట్టలతో కలిసిన గుంపులు: మార్చి నుంచి ఆగస్టు. గూడు గోల ఉండదు కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకు మార్చి, ఏప్రిల్ మేలని మా అభిప్రాయం. లెంగా చెట్ల ఆకులు ఎర్రబారేదీ అప్పుడే.

ఏ అడవికి వెళ్లాలన్నది మీ దారిని బట్టి ఉంటుంది.

సాంతియాగో నుంచి ఉత్తరంగా పోతే ఫ్రై హోర్హే. చుట్టూ ఎండు పొదల నేల, కొండ నెత్తి మీద సముద్రపు పొగమంచు తాగి బతికే చిన్న అడవి ముక్కలు. రయాదీతోకు ఇదే ఉత్తరపు హద్దు. నడక తక్కువ, పిట్టల సంఖ్యా తక్కువే.

దట్టమైన వాన అడవి కావాలంటే పుయేవే జాతీయ వనంలోని ఆంతికూరా, ఆగ్వాస్ కాలియెంతెస్ దారులు. చిలోయేకు పోవాలంటే ప్వేర్తో మోంత్ దాకా విమానం, అక్కణ్ణుంచి రోడ్డు, మధ్యలో చకావో జలసంధి మీద ఫెర్రీ.

దక్షిణ కొసన పుంతా ఆరేనాస్ పక్కనే ఉన్న మగయానెస్ రిజర్వు, తోరెస్ దెల్ పైనేలోని లెంగా అడవులు, అర్జెంటీనా వైపు ఉష్వాయా పట్టణం అంచున తియెర్రా దెల్ ఫ్వేగో జాతీయ వనం ఉన్నాయి. నవరీనో దీవిలో ప్వేర్తో విలియమ్స్ దగ్గరి ఒమోరా పార్కులో ఈ పిట్ట మీద ఏళ్లుగా అధ్యయనాలు సాగుతున్నాయి. అక్కడికి పోవాలంటే విమానం గానీ, ముప్పై గంటల దాకా పట్టే ఓడ గానీ ఎక్కాలి. సమయం ఉంటే ఓడే ఎక్కండి, దారి పొడవునా సముద్రపక్షులే.

అడవి పేరు కన్నా అడవి వయసు ముఖ్యం. రయాదీతో తనంతట తొర్ర తొలుచుకోలేదు. ముసలి చెట్ల తొర్రలు, ఊడి వేలాడే బెరడు వెనక సందులు ఉండాలి. అందుకే పైన్ తోటలో గంటసేపు తిరగడం కన్నా, ఎండిపోయిన మానులు నిలబడి ఉన్న పాత కోయ్‌వే చెట్ల అడవిలో పావుగంట నిలబడటం నయం.

## 3. సంచి సర్దుకోవడం

- 8×42 బైనాక్యులర్. 10× తీసుకుంటే చూపు పరిధి తగ్గి, ఇంత చురుకైన పిట్ట చేతికి చిక్కదు. రెండు మీటర్ల దగ్గర కూడా ఫోకస్ అయ్యేదై ఉండాలి.
- లేతరంగు బట్టలు. డిసెంబర్ చివర, జనవరిలో వాన అడవుల్లో కొలివాచో అనే పెద్ద జోరీగలు ముదురు రంగును వెతుక్కుంటూ వస్తాయి. నల్ల జాకెట్ వేసుకున్నవాళ్లు చేతులు విసురుకోవడంతోనే సరిపోతుంది, పిట్టలు బెదిరిపోతాయి.
- నీరు దిగని జాకెట్. గరగరలాడే గుడ్డ మాత్రం వద్దు. మీ చేతి చప్పుడు పిట్ట పిలుపును మింగేస్తుంది.
- తడిసినా రాయగలిగే నోట్‌బుక్, పెన్సిల్.
- లెన్స్, బైనాక్యులర్ తుడిచే పొడి గుడ్డలు మూడు. ఒక్కటి మధ్యాహ్నానికే తడిసిపోతుంది.
- కెమెరా ఉంటే 300 నుంచి 400 మి.మీ. లెన్స్. ఇంకా పెద్దదాన్ని పొదల మధ్య తిప్పడం కష్టం.

మన ప్రయాణికులకు ఒక హెచ్చరిక. చిలీలో దిగగానే వ్యవసాయ శాఖ, అంటే సాగ్, తనిఖీ చాలా గట్టిగా ఉంటుంది. పచ్చళ్లు, పొడులు, పప్పులు, గింజలు, తేనె, పళ్లు ఏవి ఉన్నా డిక్లరేషన్ ఫారంలో రాయండి. రాస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే జరిమానా.

## 4. చెవికి తర్ఫీదు

పాడే పిట్టల కోసం వెళ్లినవాళ్లు పాట కోసం ఎదురుచూస్తారు. రయాదీతో దగ్గర అది పనికిరాదు. కొమ్మ మీద వాలే పిట్టల వర్గందే అయినా, ఇది పొయ్యిగూటి పిట్టల కుటుంబానికి చెందింది. పాట నేర్చుకుని పాడే శాఖ వేరు, ఇది వేరు. దీనివన్నీ చిన్న చిన్న పిలుపులే.

బయల్దేరేముందు రికార్డింగులు రోజుకు పది నిమిషాల చొప్పున వారం పాటు వినండి. మూడు రకాలు విడదీయగలిగితే చాలు.

1. మరమర్లాడే పొడవు ధ్వని. "ట్ర్‌ర్‌ర్‌ర్‌ర్" అని గట్టిగా సాగుతుంది. దూరం నుంచి ముందుగా చెవిన పడేది ఇదే.
2. తెగి తెగి వచ్చే పిలుపు. "త్సి… త్సి… త్సి". మేత వెతుక్కుంటూ ఒకదానికొకటి జాడ తెలుపుకుంటున్నప్పుడు.
3. హెచ్చరిక. కరకుగా, వేగంగా, ఊపిరి తీసుకోనట్టు ఆపకుండా. ఇది వినబడితే దాని కంటికి అపాయం మీరైనా కావాలి, మరొకటేదైనా కావాలి.

రెండోదానికీ మూడోదానికీ తేడా పట్టుకోవడం మీదే మిగతా పని అంతా ఆధారపడి ఉంది. ఈ అడుగు మాత్రం దాటేయకండి.

## 5. అడవిలో వెతికే వరస

అడుగు 1. గాలి లేని వేళ చూసుకోండి. దక్షిణ కొసన వేసవిలో పగలు సుమారు 17 గంటలుంటుంది, కాబట్టి తెల్లవారుజామునే పరుగెత్తనక్కర్లేదు. మధ్యాహ్నానికి గాలి లేస్తే మాత్రం ఏమీ వినబడదు. పొద్దుటి పూటే మంచిది.

అడుగు 2. దారి మొదలు నుంచి కనీసం 100 మీటర్లు లోపలికి వెళ్లండి.

అడుగు 3. ఎండు కొమ్మలు, నాచు, బెరడు పగుళ్లు ఎక్కువగా ఉన్న పెద్ద చెట్టు చూసి, దాని ఎదురుగా మరో మానుకు వీపు ఆనించి నిలబడండి. మనిషి ఆకారం కలిసిపోతుంది.

అడుగు 4. పది నిమిషాలు కదలకండి. బైనాక్యులర్ మెడలోనే ఉండనివ్వండి. ముందు చెవి, తర్వాత కన్ను, ఆఖరున బైనాక్యులర్.

అడుగు 5. కాండం నుంచి కొమ్మల కొసల దాకా కళ్లతోనే వెతకండి. కొమ్మ కిందివైపున తలకిందులుగా వేలాడుతూ, బెరడు సందులో ముక్కు పెట్టి, మరుక్షణం ఆకుల్లోకి దూకే చిన్న పిట్ట కనబడితే చూపు దానిమీంచి తిప్పకుండా బైనాక్యులర్ కళ్లకు ఎత్తండి. కళ్లు దించి బైనాక్యులర్‌ను చూస్తే పిట్ట పోయినట్టే.

అడుగు 6. వెంటపడకండి. గుంపు ఎటు కదులుతోందో రెండు నిమిషాలు చూసి, పక్కగా చుట్టి 20 మీటర్లు ముందుకు వెళ్లి నిలబడండి. అవే మీ మీదుగా పోతాయి. వెనకపడితే దొరికేవి తోకలే.

అడుగు 7. గుంపులో మిగతావాళ్లను కూడా లెక్కపెట్టండి. కాండం మీద పాకే కోమెసేబో గ్రాందే, చిన్న వడ్రంగి పిట్ట కార్పింతెరీతో, వేసవిలో ఫీయో-ఫీయో తరచూ కలిసి ఉంటాయి. శీతకాలంలో ఈ గుంపులకు ముందుండి నడిపేది ఎక్కువగా రయాదీతోలే. వాటి పిలుపు దొరికితే గుంపు మొత్తం దొరికినట్టు.

మైళ్ల కొద్దీ నడిచి ఒక్క పిట్టా కనబడలేదంటే, కారణం దాదాపు ఎప్పుడూ ఆగకుండా నడవడమే.

## 6. మూడు సెకన్లలో గుర్తుపట్టడం

పిట్ట అంతకన్నా ఎక్కువసేపు ఆగదు. అందుకే తల నుంచి తోకకు ఈ వరసలో చూడండి.

- తల: నల్లటి తల మీద కంటి పైనుంచి మెడ వెనక్కి పోయే వెడల్పాటి పసుపుపచ్చ చార. ఇది కనబడితే సగం పని అయినట్టే.
- గొంతు: తెలుపు.
- రెక్క: నల్లటి రెక్కకు అడ్డంగా ఇటుకరంగు పట్టీలు.
- నడుం, తోక: ఎర్ర గోధుమరంగు. తోక ఈకల చివర్లు ముళ్లలా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఈకకు పక్కనుండే నూగు పోయి, కాడ ఒక్కటే మిగిలినట్టు.
- పరిమాణం: సుమారు 14 సెం.మీ., బరువు 10 నుంచి 13 గ్రాములు. మన ఊరపిచ్చుక బరువులో సగం.

ఆడ, మగ ఒకేలా ఉంటాయి. చూసి తేడా చెప్పడానికి ప్రయత్నించకండి, నోట్‌లోనూ రాయకండి.

పొరబడేది వీటితోనే:

తిహెరాల్. దీనికీ పొడవు తోక, కొమ్మలకు వేలాడే అలవాటు ఉన్నాయి. కానీ ఒళ్లంతా బూడిదరంగు, నెత్తి మీద సన్నటి గీతలు, కంటిపై చార తెల్లగా సన్నగా ఉంటుంది. ఎక్కువగా పొదల్లో తిరుగుతుంది.

కోమెసేబో గ్రాందే. గొంతు రయాదీతో కన్నా తెల్లగా మెరుస్తుంది. కంటి మీద పసుపు చార ఉండదు. ముక్కు పొడవుగా, కొంచెం పైకి తిరిగి ఉంటుంది. కాండాన్ని అంటిపెట్టుకుని పైకీ కిందికీ పాకుతుంది.

కోలిలార్గా. కీలా అనే వెదురు పొదల్లో కిందనే ఉంటుంది. తోక ఒంటికన్నా చాలా పొడవు, దారాల్లా ఉంటుంది. "తోక ముళ్లు" అని చదివి వెళ్లినవాళ్లు దీన్ని చూసి రయాదీతో అనుకుంటారు.

తోక ముళ్ల మీద ఎక్కువ ఆధారపడకండి. వెనకనుంచి వెలుతురు పడితే తప్ప అవి కనబడవు. పసుపు చార ఎప్పుడూ కనబడుతుంది.

## 7. దగ్గరికొచ్చి అరుస్తుంటే ఏం చెయ్యాలి

పిట్ట మీ ఎదురుగా తిరిగి, తోక విప్పి, రెక్కలు విదిలిస్తూ, ఆగకుండా మూడో రకం పిలుపు వేస్తూ కొమ్మ కొమ్మకూ కిందికి దిగుతోందా? పక్కనుంచి మరో రెండు మూడు వచ్చి గొంతు కలుపుతున్నాయా? ఇది శత్రువును గుంపుగా తరిమే పద్ధతి.

వరసగా ఇవి చూడండి.

1. మీరున్న చోటే ఆగి, మెల్లగా ఐదు అడుగులు వెనక్కి వెయ్యండి.
2. అరుపు మీ వెంటే వస్తే కారణం మీరే. దగ్గర్లో గూడుంది, లేదా అప్పుడే ఎగరడం నేర్చిన పిల్లలున్నాయి. వచ్చిన దారినే 20 మీటర్లు వెనక్కి పోండి.
3. మీరు వెనక్కి తగ్గినా పిట్టలు మరో చోటికే మొహం పెట్టి అరుస్తుంటే, అవి చూస్తున్న వైపు చూడండి. చాలాసార్లు అక్కడ చుంచో ఉంటుంది. సుమారు 20 సెం.మీ. ఉండే చిన్న గుడ్లగూబ, పగలు కూడా వేటాడుతుంది. కాండానికి దగ్గరగా, నిలువుగా కూర్చుంటుంది. రయాదీతో గొడవే చుంచోను చూపించే మంచి గుర్తు.

ఇక్కడే ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. ఫోన్‌లో చుంచో కూత వేస్తే రయాదీతోలు క్షణాల్లో చుట్టుముడతాయి. ఫొటోలు వస్తాయి. కానీ ఆ అరగంటా పది గ్రాముల పిట్ట మేత మానేసి, గూటిని వదిలేసి, లేని శత్రువుతో పోరాడుతోంది. ఆ గోలకు తియూకే లాంటి డేగ జాతి పక్షులు గూడు ఎటుందో పసిగట్టే వీలూ ఉంది. గూళ్ల కాలంలో ఈ పని అస్సలు చెయ్యకండి. మిగతా కాలంలోనూ అవసరం లేదు. నోటితో మెల్లగా "ప్ష్… ప్ష్" అని రెండు మూడు సార్లు అంటే కుతూహలంతోనే వచ్చి చూసి పోతుంది. మూడుసార్లకు రాకపోతే వదిలెయ్యండి.

## 8. గూడు గమనించడం

### 8.1 గూడు ఎక్కడుందో తెలుసుకోవడం

చెట్లు ఎక్కి, తొర్రల్లో టార్చి వేసి వెతకొద్దు. పిట్ట నోటిని చూడండి.

- నోట్లో నాచు, ఎండుగడ్డి, ఈక, వెంట్రుక: గూడు కడుతోంది.
- నోట్లో పురుగు ఉండీ మింగకుండా అటూ ఇటూ చూస్తోంది: లోపల పిల్లలున్నాయి.
- నోట్లో తెల్లటి ముద్దతో బయటికి వస్తోంది: పిల్లల రెట్ట సంచి. పిల్లలు ఇంకా గూట్లోనే ఉన్నాయి.
- ఒకటి లోపలికి పోగానే మరొకటి బయటికి వచ్చి చాలాసేపు ఏమీ జరగడం లేదు: పొదుగుతున్నాయి. పొదగడం, మేపడం రెండూ జంట కలిసి చేస్తాయి.

నోట్లో మేతతో ఉన్న పిట్ట పది నిమిషాలైనా తొర్రలోకి పోవడం లేదంటే మీరు మరీ దగ్గరున్నారు. పది మీటర్లు వెనక్కి జరగండి. అప్పటికీ పోకపోతే ఇంకో పది. 20 మీటర్ల కన్నా దగ్గర కూర్చోవద్దు.

### 8.2 రోజుల లెక్క

గుడ్లు తెల్లగా, సాధారణంగా 3 నుంచి 5 ఉంటాయి. ఈ పిట్ట రోజూ గుడ్డు పెట్టదు, రోజు విడిచి రోజు పెడుతుంది. చిన్న పిట్టలు చాలావరకు రోజుకొక గుడ్డు పెడతాయి కాబట్టి ఈ లెక్క తప్పేవాళ్లు ఎక్కువ.

ఒక ఉదాహరణ. మొదటి గుడ్డు అక్టోబర్ 15న, మొత్తం నాలుగు అనుకుందాం.

- నాలుగో గుడ్డు: అక్టోబర్ 21
- పొదిగేది సుమారు 15 రోజులు, గుడ్లు పగిలి పిల్లలు వచ్చేది: నవంబర్ 5 ప్రాంతం
- గూట్లో పిల్లలు ఉండేది 21, 22 రోజులు, ఎగిరేది: నవంబర్ 26 ప్రాంతం

ఇంత చిన్న పిట్టకు మూడు వారాలు గూట్లో ఉండటం ఎక్కువే. తొర్ర గూడు కాబట్టి కాస్త తీరిగ్గా పెరిగే వీలుంది. కానీ పిల్లలకు రెండు వారాలు దాటాక గూటి దగ్గర అలజడి చేస్తే, ఎగరలేని పిల్లలు ముందే బయటికి దూకేస్తాయి. దూకిన పిల్ల తిరిగి గూటికి పోదు. ఆ వారం రోజులు దూరం రెట్టింపు చెయ్యండి.

### 8.3 గూటి దగ్గర చెయ్యకూడనివి

- అడ్డొచ్చిన కొమ్మలు, ఆకులు తుంచడం. అవే దానికి చాటు.
- ఫ్లాష్.
- ఒకే దారిన రోజూ వెళ్లి గడ్డి అణచి బాట వెయ్యడం. ఎలుకలకు, గ్వీన్యా అనే చిన్న అడవి పిల్లికి అదే దారి అవుతుంది.
- ఒక్క గూటి దగ్గర రోజుకు అరగంట దాటడం.

## 9. పెట్టె గూడు: అక్కడ పనిచేసేవాళ్లకు

చిలీలో చదువుకుంటూనో, వలంటీర్లుగానో ఉన్న మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఇది. ముసలి మానులు నరికేసిన అడవుల్లో రయాదీతోకు కరువైంది తొర్ర. పెట్టె కడితే బాగానే వాడుకుంటుంది. ప్రైవేటు స్థలమైతే యజమాని అనుమతి, జాతీయ వనమైతే దాని అధికారుల అనుమతి ఉండాలి. పిట్టను పట్టడానికి, కాలికి గుర్తింపు రింగు వెయ్యడానికి సాగ్ అనుమతి వేరే కావాలి.

కొలతలు, లోపలివి:

- ఎత్తు 17 సెం.మీ., వెడల్పు 15.5, లోతు 18
- గుండ్రటి రంధ్రం 31 మి.మీ.
- రంధ్రం కింది అంచు నుంచి అడుగు పలక దాకా 12 సెం.మీ.
- పలక మందం 2 సెం.మీ., రంగూ మందూ పూయని కర్ర
- అడుగున నీరు కారడానికి 6 మి.మీ. రంధ్రాలు నాలుగు
- మూత ముందుకు 5 సెం.మీ. చూరులా రావాలి. అక్కడి వాన అడ్డంగా కొడుతుంది.

కట్టే వరస:

1. రంధ్రం కింద లోపలి పలకను ఉలితో గరుకు చెయ్యండి. నున్నటి పలక మీద పిల్లలు ఎగబాకలేవు.
2. బయట వాలడానికి పుల్ల పెట్టొద్దు. రయాదీతోకు అక్కర్లేదు, వేటగాళ్లకు ఉపయోగం.
3. ఆగస్టులోపు కట్టెయ్యండి. అక్టోబర్‌లో కడితే ఆ ఏడాది ఖాళీగానే ఉండొచ్చు.
4. నేల నుంచి ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తున, వానగాలికి వీపు పెట్టేలా, తీగతో కట్టండి. ఏటా తీగ వదులు చెయ్యండి, లేకుంటే చెట్టును కోసేస్తుంది.
5. పెట్టెకూ పెట్టెకూ కనీసం 25 మీటర్లు ఉంచండి.
6. వారానికి ఒక్కసారే, తల్లిదండ్రులు లేనప్పుడు, ఒక నిమిషంలో చూసి మూసెయ్యండి. పిల్లలకు రెండు వారాలు దాటాక తెరవొద్దు.

ఏం తప్పుతుంది, ఎందుకు? రంధ్రం పెద్దదైతే పెద్ద పిట్టలు, ఎలుకలు దూరతాయి. అడవి అంచున, బయలుకు దగ్గరగా కడితే చెర్కాన్ అనే చిన్న పిట్ట గానీ చిలీ వానకోవెలగానీ ఆక్రమిస్తుంది. అవీ అక్కడి పిట్టలే, తరిమెయ్యకండి. మీ పెట్టెను 30 మీటర్లు అడవి లోపలికి మార్చండి. నాచు, ఆకులతో గుండ్రంగా అల్లిన ఉండ కనబడితే అది మొనీతో దెల్ మోంతే అనే చిన్న సంచి జంతువు గూడు కావచ్చు. మూత మూసి వచ్చెయ్యండి.

శుభ్రం చేసేటప్పుడు ప్రాణం మీదికి వచ్చే సంగతి: దక్షిణ చిలీలో పొడవుతోక ఎలుకల మూత్రం, రెట్టల ద్వారా హాంటా వైరస్ సోకుతుంది. చికిత్స కష్టం, మరణాలూ ఉన్నాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పెట్టె దులిపేటప్పుడు:

- గాలి వీచే వైపు వీపు పెట్టి నిలబడండి. ఎన్-95 మాస్కు, రబ్బరు తొడుగులు వేసుకోండి.
- ఒక వంతు బ్లీచు, తొమ్మిది వంతుల నీరు కలిపి ముందు తడపండి. పావుగంట ఆగండి. పొడిగా ఉండగా ఊడ్చొద్దు, దులపొద్దు.
- పాత గూడు సంచిలో కట్టి పడెయ్యండి.

అడవిలో మూసి ఉన్న గుడిసెలో దిగుతున్నా ఇదే జాగ్రత్త. తలుపులు తెరిచి కనీసం అరగంట గాలి ఆడనిచ్చాకే లోపలికి పోండి. కీలా వెదురు పూసి గింజ పట్టిన ఏడాది ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. ఆ సంగతి వనపాలకులను ముందే అడగండి.

## 10. ఫొటోలు, క్లుప్తంగా

షట్టర్ 1/1000 కన్నా తగ్గొద్దు. అడవి చీకటి కాబట్టి ఐఎస్ఓ 3200 దాకా పోనివ్వండి. చుక్కచుక్కలుగా వచ్చిన ఫొటోను సరిచెయ్యొచ్చు, కదిలిపోయిన ఫొటోను చెయ్యలేం. ఆకాశం వెనకుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, లేకుంటే పసుపు చార నల్లగా పోతుంది. పిట్ట మీద గురి పెట్టడం కన్నా అది తిరిగొచ్చే కొమ్మ మీద పెట్టి ఆగడం మేలు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు

"పిలుపు వినబడుతోంది, పిట్ట కనబడదు." పైకొమ్మల్లో వెతుకుతున్నారు. మధ్య ఎత్తులో, కొమ్మల కిందివైపు చూడండి.

"వచ్చింది, రెండు సెకన్లలో పోయింది." మీరు చెయ్యి ఎత్తారు. పిలుపు విన్నప్పుడే బైనాక్యులర్ గుండె దాకా ఎత్తి పట్టుకోండి.

"గూడు దొరికింది, మర్నాడు పిట్టలు లేవు." వదిలేశాయని వెంటనే అనుకోకండి. పొదిగే రోజుల్లో చాలాసేపు కదలిక ఉండదు. దూరం నుంచి గంట చూశాకే తేల్చండి. తొర్రలో వేలు పెట్టి చూడటం మాత్రం వద్దు.

"ఒకేచోట పదిహేను చూశాం." గుంపు మీ చుట్టూ తిరిగితే అవే పిట్టలు మళ్లీ లెక్కలోకి వస్తాయి. ఒక్క క్షణంలో ఒకేసారి కనబడిన సంఖ్యనే రాయండి.

## 12. నోట్‌లో ఏం రాయాలి

- తేదీ, గంట, గాలి, వాన
- అడవి రకం: లెంగా, కోయ్‌వే, న్యీరే, కలగలుపు. ఎండు మానులున్నాయా?
- ఒకేసారి కనబడిన సంఖ్య, గుంపులోని ఇతర పిట్టలు
- మేత ఎక్కడ: ఆకు, సన్న కొమ్మ, లావు కొమ్మ, కాండం. నేల నుంచి ఎత్తు
- మూడు పిలుపుల్లో ఏది
- మిమ్మల్ని చూసి ఏం చేసింది, మీరు ఎంత దూరంలో ఉండగా

ఈ ఆఖరి అంశాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. నాలుగైదు రోజులు రాస్తే ఆ అడవి పిట్టలు ఎంత దూరం దాకా ఓర్చుకుంటాయో మీకే ఒక అంకె దొరుకుతుంది. మర్నాటి నుంచి ఆ దూరానికి బయటే కూర్చోవచ్చు.

పక్షులు చూసినవాళ్లు తమ జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో జాబితా పెట్టేటప్పుడు గూడు ఉన్న చెట్టు ఫొటో, జీపీఎస్ బిందువు పెట్టకండి. వనం పేరు చాలు. గూటి వివరం చెప్పాలనుకుంటే ఆ సీజను ముగిశాక, మార్చిలో, అక్కడి వనపాలకులకు నేరుగా ఇవ్వండి. వచ్చే వసంతంలో ఆ మాను నరకకుండా ఆపగలిగేది వాళ్లే.